విమానం లేచేదాకా

విమానానికి పోయే రోజు కూడా పాలసీసాలు నేనే మరగబెట్టాను. గిన్నెలో అవి ఒకదానికొకటి తగిలి టకటకలాడుతుంటే ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే లేచి వస్తున్నారు. మా అబ్బాయి నాగార్జున పళ్ళు తోముకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, కాఫీ," అన్నాడు. లోపల గదిలో కోడలు సుభాషిణి నాలుగేళ్ళ వెన్నెలకి జడలు వేస్తోంది. ఏడాది నిండని చిన్నవాడు రిత్విక్ నా చంకలో ఉన్నాడు. ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని, ఇంకో చేత్తో కాఫీ కలిపి ఇచ్చి, సీసాలు తీసి గుడ్డ మీద బోర్లించాను. పాలపొడి డబ్బా, వేడినీళ్ళ ఫ్లాస్కు, సీసాలు, మారుబట్టలు అన్నీ ఒక ఆకుపచ్చ సంచిలో సర్ది వంటింటి అరుగు మీద పెట్టాను.

ముంబయి పోయేది మేం నలుగురం. సుభాషిణి, ఇద్దరు పిల్లలు, నేను. అందరికీ విమానం ఎక్కడం అదే మొదలు. నాగార్జున రావడం లేదు. వాడికి నరసరావుపేటలో పురుగుమందుల కొట్టు ఉంది. "మిరపకి మందులు కొట్టే రోజులమ్మా, కొట్టొదిలి ఎట్టా వస్తా?" అన్నాడు. కిందటి ఎలక్షన్లలో వాళ్ళ పెదనాన్న జీపు వెనకాల నెలరోజులు ఊళ్ళు తిరిగినప్పుడు ఆ కొట్టు మొహం చూసినవాడు కాదు. పనిచేసే జిలానీ ఒక్కడే అంతా చూసుకున్నాడు. ఆ సంగతి నాకు గుర్తుంది. వాడికి గుర్తుండదు. మగవాళ్ళు తమకోసం వదిలిన పని వదిలినట్టు లెక్కలోకి రాదు.

సుభాషిణి మా ఊళ్ళోనే బ్యాంకులో గుమాస్తా. ఆఫీసరుగా ప్రమోషనిచ్చి ముంబయిలో వేశారు. మేం బయల్దేరిన మర్నాడే అక్కడ చేరాలి, చేరకపోతే ప్రమోషను వదులుకున్నట్టే. ఇంతకుముందు ఒకసారి పెళ్ళి కుదిరిందని వదులుకుంది. ఇంకోసారి వెన్నెల కడుపులో ఉందని వదులుకుంది. ఈసారి ఆ కబురు ఇంటికి తెచ్చిన సాయంత్రం నాగార్జున అన్నం ముందు కూర్చుని, "వద్దని చెప్పెయ్. ఉన్న ఉద్యోగం చాలదా? నీ జీతం మీద బతుకుతున్నామా ఏంది?" అన్నాడు. మా ఆయన అన్నగారు నాగభూషణరావు బావగారు ఆ పూట మా ఇంట్లోనే ఉన్నారు. "కోడలు పిల్ల ఆఫీసరైతే ఇంట్లో కూరలెవరు ఒండాలిరా అబ్బాయ్?" అని నవ్వారు. ఆయన వేళాకోళానికి మా ఇంట్లో అందరూ నవ్వాలి. సుభాషిణి నవ్వలేదు. కంచాలు తీసుకుని వంటింట్లోకి వచ్చి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నాతో, "అత్తయ్యా, నేను వెళ్తాను," అంది.

"నేనొస్తాను పద," అన్నాను. ఆ మాట అంత తొందరగా నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియలేదు.

ఒక సంగతి చెప్పాలి. మా ఆయన పుల్లయ్యగారు పోయాకే నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఆయన ఉండగా, "నీకెందుకే, నేను చదివి చెప్తాగా," అనేవారు. చదివేవారు, చెప్పేవారు కాదు. సుభాషిణి మా ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు, ఒకరోజు నేను పేపరు తిరగేసి పట్టుకుని బొమ్మలు చూస్తుంటే చూసింది. మర్నాడు బ్యాంకు నుంచి వస్తూ ఒక పలక కొనుక్కొచ్చి, కూరగాయలు తరిగే పీట పక్కన పెట్టింది. రోజూ వంట అయ్యాక కాసేపు నేర్పేది. నేను తప్పు రాస్తే చెరిపేది, కానీ నవ్వేది కాదు. యాభై దాటిన చెయ్యి ఎంత మొండికేస్తుందో ఆ పిల్లకి తెలుసు. అలాంటి పిల్ల వెళ్తానంటే నేను వంటింట్లో ఎలా నిలబడగలను?

నాగార్జున వద్దని గట్టిగా అనలేదు. అదే వాడి తెలివి. "చూద్దాంలే, చూద్దాంలే" అంటూ రైల్లో బెర్తులన్నీ అయిపోయేదాకా సాగదీశాడు. సుభాషిణి విమానానికి టిక్కెట్లు కొంది. అప్పుడు వాడు, "పసిపిల్లల్నేసుకుని ఇమానమా? చెవులు పగిలిపోతాయంట. ఏడుపందుకుంటే మీ ఇద్దరి వల్ల ఏమవుద్ది?" అన్నాడు. చివరికి ఒక ఏర్పాటు చెప్పాడు. గన్నవరం దాకా కారులో తనే తీసుకొస్తాడు. విమానం లేచేదాకా బయట కారులోనే ఉంటాడు. పిల్లలు ఏడ్చి గోల చేసినా, మాకు చేతకాకపోయినా, వెంటనే బయటికి వచ్చేస్తే ఇంటికి తీసుకుపోతాడు. "అంతేనమ్మా, తిరిగొస్తే ఇంక ఆ ఉద్యోగం మాటెత్తకూడదు," అన్నాడు. మా తోడికోడలు శాంతమ్మ అక్కయ్య చెంపన చెయ్యి వేసుకుని, "ఎంత మంచోడే నీ మొగుడు! ఇమానం లేచేదాకా కావలుంటాడంట! మా ఆయనైతేనా!" అంది సుభాషిణితో.

ఆ రోజు బయల్దేరే ముందు శకునం చూశారు. ప్రయాణానికి గడప దాటేటప్పుడు ముత్తైదువ ఎదురు రావాలి. శాంతమ్మ అక్కయ్య తలస్నానం చేసి, చెంబుతో నీళ్ళు పట్టుకుని వీధిలో నిలబడింది. నాగార్జున నా దగ్గరికొచ్చి, కళ్ళు ఎటో పెట్టి, "అమ్మా, నువ్వు పెరటి దోవన పోయి ఆ మలుపు కాడ నిలబడు. అక్కడ ఎక్కించుకుంటా. పెదనాన్న వాళ్ళు ఏమన్నా అనుకుంటారు," అన్నాడు. నేను విధవరాలిని. ప్రయాణమయ్యేవాళ్ళకి ఎదురు రాకూడదు. వాళ్ళతో కలిసి ఆ గడప దాటినా బావుండదు. "అత్తయ్య కూడా మనతోనే వస్తున్నారు కదండీ, మనతోపాటే బయల్దేరతారు," అంది సుభాషిణి. "ఊరుకోమ్మా, ఇప్పుడెందుకు రచ్చ," అన్నాను నేనే. ఆయన పోయినప్పటి నుంచీ పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెనక దోవన పోవడం అలవాటైన కాళ్ళు. రిత్విక్‌ని సుభాషిణికిచ్చి, పెరట్లోంచి బయటపడి, మలుపు దగ్గర మూసి ఉన్న కిళ్ళీబడ్డీ పక్కన నిలబడ్డాను. పాలపాకెట్లు వేసే అబ్బాయి, "ఏంది పెద్దమ్మా, ఒక్కదానివే ఇక్కడ నిలబడ్డావు?" అన్నాడు. "ఇమానం ఎక్కడానికి," అన్నాను. వాడు ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు.

ఫిరంగిపురం దాటాక రిత్విక్ పాలకి మారాం చేశాడు. నేను చెయ్యి చాపి, "ఆకుపచ్చ సంచి ఇటివ్వమ్మా," అన్నాను. సుభాషిణి నా మొహం చూసింది. పెట్టెలున్నాయి, తినుబండారాల సంచి ఉంది, శాంతమ్మ అక్కయ్య కట్టిచ్చిన పచ్చళ్ళున్నాయి. ఆ సంచి లేదు. సర్దింది నేను. నన్ను పెరటి దోవన పంపించారు. వంటింటి అరుగు మీద ఒక సంచి ఉందని ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

"వెనక్కి తిప్పరా, తెచ్చుకుందాం. టైముందిగా," అన్నాను.

"ఏందమ్మా నువ్వు! మంచి శకునం చూసి బయల్దేరాక ఎవరన్నా వెనక్కి తిరుగుతారా? దోవలో కొందాంలే."

గుంటూరులో ఇంకా కొట్లు తీయలేదు. విజయవాడలో తీసిన కొట్టు కనిపించి ఆపమంటే, "ఇక్కడ ఆపితే ట్రాఫిక్కులో ఇరుక్కుపోతాం, లోపల అన్నీ దొరుకుతాయి," అన్నాడు. వాడు కావాలనే ఆపలేదని నేననను. వాడికి తోచలేదు. ఆకలి బిడ్డది. ఏడుపు వినేది మేము. వాడు స్టీరింగు పట్టుకుని ఉన్నాడు.

ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర పెట్టెలు బండి మీద పెట్టించి, వెన్నెల బుగ్గ గిల్లి, "నేనిక్కడే ఉంటా. ఏడుపొస్తే వచ్చెయ్ బంగారూ," అని చెప్పి వెళ్ళాడు. నాలుగేళ్ళ పిల్లకి ఆ మాట చెప్పి పంపితే ఇంకేం కావాలి? లోపలికి అడుగుపెట్టగానే అది మొదలుపెట్టింది. "నాన్న కాడికి పోదాం. నాన్న కాడికి పోదాం."

పెట్టెలు ఇచ్చేసి తనిఖీ దగ్గరికి వచ్చాం. చేతిలో ఉన్నవన్నీ ట్రేలో పెట్టి మిషన్లోకి పంపాలట. వెన్నెల చేతిలో బొచ్చుకుక్క బొమ్మ ఉంది. అది లేకుండా ఆ పిల్ల నిద్రపోదు. ఆ బొమ్మ నల్లటి రబ్బరు తెర వెనక్కి పోయేసరికి, మిషను దాన్ని మింగేసిందనుకుని కింద కూర్చుని కెవ్వుమంది. ఆ అరుపుకి చిన్నవాడు అందుకున్నాడు. ఇద్దరి ఏడుపూ ఆ పెద్ద హాలంతా మోగింది. ఇంతలో నన్ను ఆడవాళ్ళ తనిఖీ గదిలోకి పిలిచారు. ఆ పోలీసమ్మాయి నా బొడ్లో వక్కల సంచి తీసి చూసి, అందులోంచి అడకత్తెర పైకెత్తింది.

"ఇదేంది పెద్దమ్మా?"

"వక్కలు కత్తిరించుకునేది తల్లీ."

"ఇది లోపలికి రానివ్వరు. బయట మీ వాళ్ళెవరన్నా ఉంటే ఇచ్చి రండి. లేకపోతే ఆ డబ్బాలో వెయ్యాలి."

అది మా అమ్మది. వేళ్ళు పెట్టే చోట ఇత్తడి అరిగి నునుపుదేలింది. బయట మా వాడున్నాడు, ఇచ్చి రావచ్చు. కానీ నేను బయటికి వెళ్ళి నిలబడితే వాడు ఏమంటాడో నాకు తెలుసు. "నీ వల్ల కాదని చెప్పానా? పద, పిల్లల్ని కూడా తీసుకురా," అంటాడు. నేను కొడుకు మాట కాదనడం ఎప్పుడూ చెయ్యలేదు. ఒకసారి బయటికి పోతే మళ్ళీ లోపలికి వస్తానన్న నమ్మకం నా మీద నాకే లేదు. అడకత్తెర డబ్బాలో వేశాను. అడుగున తగిలి గట్టిగా చప్పుడైంది.

అవతలికి వచ్చేసరికి సుభాషిణి ఒక కుర్చీలో కూలబడి ఉంది. బొమ్మ చేతికొచ్చినా వెన్నెల వెక్కుతూనే ఉంది. రిత్విక్ మొహం ఎర్రగా కందిపోయింది, ఆకలికి పిడికిలి నోట్లో కుక్కుకుంటున్నాడు. ఎదురుగా కూర్చున్న ఒకాయన పేపరు దించి, "పిల్లల్ని ఊరుకోబెట్టలేనప్పుడు ఎందుకండీ ప్రయాణాలు," అన్నాడు. ఎవరితోనో అన్నట్టు అన్నాడు. ఆ పిల్లలకి తండ్రి కూడా ఉంటాడని, ఆ మాట వినాల్సినవాడు ఇంకొకడున్నాడని ఆయనకి తోచలేదు. సుభాషిణి ఫోను మోగుతోంది. నాగార్జున. మోగి మోగి ఆగి, మళ్ళీ మోగింది.

"అత్తయ్యా," అంది ఆ పిల్ల. కళ్ళనిండా నీళ్ళు. "వెళ్ళిపోదామా?"

నాకు మాచర్లలో మా చెల్లెలి పెళ్ళి గుర్తొచ్చింది. అప్పుడు నాగార్జున రిత్విక్ అంతవాడు. పెద్దపిల్ల ప్రశాంతి వెన్నెలంత. నరసరావుపేట బస్టాండులో బస్సు ఎక్కబోతుంటే వీడు నా పట్టుచీర మీద కక్కాడు. మా ఆయన నాలుగడుగులు దూరం జరిగి, ముక్కుకి తువ్వాలు పెట్టుకుని, "పసిపిల్లలున్న ఆడది ఇంటిపట్టున ఉండాలి. పద ఇంటికి," అన్నారు. మమ్మల్ని ఇంటి దగ్గర దించి ఆయన మాత్రం పెళ్ళికి పోయివచ్చారు. అప్పగింతలప్పుడు చెల్లెలు నాకోసం చుట్టూ చూసిందని చానా రోజులకి ఎవరో చెప్పారు. నేను ఆ రోజు కక్కిన చీర ఉతుక్కుంటూ ఉన్నాను. ఏడవలేదు. బిడ్డ కక్కితే తల్లి వెనక్కి పోవడం వానొస్తే తడవడం లాంటిదే అనుకున్నాను. ఎక్కు, ఏం కాదు, చీర తుడుచుకో అని చెప్పేవాళ్ళు పక్కన ఒక్కరుంటే ఎక్కేదాన్నేమో. ఇన్నేళ్ళ తర్వాత ఇక్కడ కూర్చుంటే అర్థమైంది. సంచి కోసం వెనక్కి తిరగని కారు, ఈ పిల్లని మాత్రం వెనక్కి తీసుకుపోవడానికి బయట సిద్ధంగా ఉంది.

"ఫోను సంగతి తర్వాత. ఆ కాఫీ కొట్టులో ఉత్తపాలు అడిగి తీసుకురా. వేడివి. రెండు కాగితం గ్లాసులు కూడా," అన్నాను.

"గ్లాసుతో తాగడు అత్తయ్యా. సీసా అలవాటు."

"వాళ్ళ నాన్న కొబ్బరిచిప్పతో కూడా తాగాడు. నువ్వు తే."

పాలు తెచ్చింది. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోసి పోసి చల్లార్చాను. మొదటి గుక్క ఉమ్మేశాడు. రెండోది నా చీర మీద పడింది. మూడోది మింగాడు. తర్వాత గ్లాసు అంచు చిగుళ్ళతో కరిచి పట్టుకుని వదల్లేదు. వెన్నెల ఏడుపు ఆపి, నోరు తెరిచి తమ్ముణ్ణి చూసి, "నాకూ గ్లాసుతో," అంది. పేపరాయన మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు.

అంతలో మైకులో ఏదో చెప్పారు. పసిపిల్లలతో ఉన్నవాళ్ళని ముందు రమ్మంటున్నారు అంది సుభాషిణి. లేచాం. పిల్లవాడు నా చేతుల్లో ఉన్నాడు కాబట్టి నన్నే ముందుకి పొమ్మన్నారు. నా వెనక పెద్ద వరస. పెళ్ళికూతుళ్ళలాంటి పిల్లలు, పుస్తెలతాళ్ళు, పసుపు కుంకాలు, అందరూ నా వెనక. నా కాళ్ళు ఆగిపోయాయి. ఇంతమంది ప్రయాణానికి నేను ముందు నడవడమేంటి? పక్కకి జరిగి, "మీరు పదండమ్మా," అన్నాను వెనకున్న కొత్త పెళ్ళికూతురితో. ఆ అమ్మాయి అరచేతుల గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది. "అయ్యో, బాబు ఉన్నాడు కదా ఆంటీ, మీరే ముందు," అని నవ్వి, నా భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా ముందుకి నెట్టింది. నా బొట్టు లేని మొహం చూసింది. చూసే నెట్టింది. నేను నడిచాను. విమానం మెట్లు అందరికంటే ముందు నేనెక్కాను.

సీట్లలో కూర్చున్నాం. కిటికీ దగ్గర వెన్నెల, మధ్యలో సుభాషిణి, ఇటు చివర నేను. ఒళ్ళో పిల్లవాడు. మళ్ళీ ఫోను. ఈసారి నేనే తీసుకున్నాను.

"అమ్మా, ఏమైంది? ఏడుస్తున్నారా? ఇంకా తలుపులెయ్యలేదుగా, దిగొచ్చేయండి."

"ఏడ్చార్రా. పిల్లలన్నాక ఏడవరా? ఏడిస్తే దిగేదాన్నయితే నిన్ను సాకేదాన్నా?"

వాడి గొంతు తేలికైంది. ఓడిపోయినట్టు కాదు, బరువు దించుకున్నట్టు. "సరేలే. నువ్వున్నావుగా అమ్మా. ఇంక నాకు దిగుల్లేదు," అన్నాడు. జవాబు చెప్పేలోగా విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి ఫోను ఆపమని సైగ చేసింది.

విమానం పరుగెత్తి లేచింది. రిత్విక్ చెవులు పట్టుకుని గుక్కపెట్టాడు. నా వేలు వాడి నోట్లో పెట్టాను. చప్పరిస్తూ చప్పరిస్తూ మెల్లగా ఊరుకున్నాడు. వెన్నెల కిటికీకి ముక్కు ఆనించి, "నానమ్మా, కృష్ణ! అంత సన్నగా ఉందేంది!" అని అరిచింది. నేను వంగి చూశాను. నిజమే, సన్నగా ఉంది. ఆ నది దాటి ఎవరింటికైనా పోవాలంటే ఎంతమందిని అడిగి పోయేవాళ్ళమో అనుకున్నాను.

మబ్బుల పైకి వచ్చాక పిల్లలిద్దరూ నిద్రపోయారు. సుభాషిణి నా భుజం మీద తల వాల్చింది. "మీరున్నారుగా అత్తయ్యా. ఇంక నాకు దిగుల్లేదు," అంది.

కొడుకన్నదీ కోడలన్నదీ ఒకే మాట. ఒకడు వదిలించుకుని అన్నాడు, ఒకతె ప్రేమతో అంది. ఎవరు ఎలా అన్నా పాలసీసాలు మరగబెట్టేది నేనే. ఈ పిల్ల మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా, ఆ మాటకి ఊఁ అన్నానంటే ముంబయిలో ఇంకో వంటిల్లు, ఇంకో పెరటి దోవ. పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా. నేను పోయేదాకా. నాకూ ఒక కోరిక ఉంది. ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు, పెద్ద కోరిక కాదు కాబట్టి. నరసరావుపేటలో మా ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలి. ఒక్క పూట వండుకోవాలి. మధ్యాహ్నం వీధి అరుగు మీద కూర్చుని, ఎవరూ కాఫీ అడగకుండా, పేపరు మొదటినుంచీ చివరిదాకా కూడబలుక్కుంటూ చదవాలి. అక్కడ నాకు పనేముంది అంటారు. పనేమీ లేకపోవడం కోసమే నేను పోతాను.

"సుభాషిణీ," అన్నాను. "ఎండలు ముదిరేదాకా ఉంటాను. ఆ తర్వాత మందులు కొనేవాళ్ళుండరు. కొట్టు జిలానీ చూసుకుంటాడు. నాగార్జునని రమ్మను."

ఆ పిల్ల తలెత్తింది. "ఆయనా? ఆయన పిల్లల్ని చూసుకోవడానికి వస్తారా అత్తయ్యా? రారు. మీకు తెలుసుగా."

"నేనుంటే రాడు."

నా మొహంలోకి చూసింది. ఆ కళ్ళల్లో భయం కనిపించింది. కొంచెం కోపం కూడా ఉంది, నా మీదే. నాకు బాధనిపించింది. అయినా చెప్పాల్సింది మిగిలే ఉంది. నిద్రలో జారిపోతున్న పిల్లవాణ్ణి తన ఒళ్ళోకి మార్చి, తల కింద తన చెయ్యి సరిగ్గా పెట్టి చెప్పాను.

"నీకు తోడుగా వచ్చానమ్మా. వాడికి బదులు రాలేదు."